వింత వార్తకు రెండో సగం

1948లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో వన్యప్రాణి శాఖ వాళ్లు 76 బీవర్లను విమానం ఎక్కించి, పారాచూట్లు కట్టి, కొండల మధ్య అడవిలోకి దించారు. బీవర్ ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు. ఇరవై కిలోల పైన కూడా తూగుతుంది. పళ్లతో చెట్లు కొరికి పడగొట్టి, ఆ కొమ్మలతో వాగులకు అడ్డుకట్టలు వేసుకుని, నిలిచిన నీళ్లలో కాపురం పెడుతుంది. అలాంటి జంతువు ఆకాశం నుంచి దిగిందంటే వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది. రావాలి కూడా. నవ్వాగాక ఒక ప్రశ్న మిగులుతుంది. వాటిని విమానం ఎక్కించాల్సిన అవసరం ఏమొచ్చింది? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మెకాల్ అనే ఊరి దగ్గర సరస్సు ఒడ్డున జనం కొత్తగా ఇళ్లు కట్టుకున్నారు. బీవర్ల అడ్డుకట్టల వల్ల ఆ స్థలాల్లోకి నీళ్లొచ్చేవి. చంపడం ఇష్టంలేక శాఖ వాళ్లు వాటిని పట్టి లారీల్లో, ఆ తర్వాత గుర్రాల మీదా కంచరగాడిదల మీదా రోజుల తరబడి మోయించి దూరపు అడవుల్లో వదిలేవారు. బీవర్ ఎండకు తట్టుకోలేదు. దారిలోనే చాలా చచ్చిపోయేవి. వాటి వాసనకు కంచరగాడిదలు బెదిరి తిరగబడేవి. అప్పుడు ఎల్మో హీటర్ అనే ఉద్యోగికి యుద్ధంలో మిగిలిపోయిన పారాచూట్లు గుర్తొచ్చాయి. పారాచూట్ తాళ్లు బిగుతుగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, నేలకు తగిలి తాళ్లు వదులు కాగానే దానంతటదే తెరుచుకునే చెక్కపెట్టె తయారు చేయించాడు. జెరోనిమో అనే పేరు పెట్టిన ఒక ముసలి మగ బీవర్‌ను పదేపదే పైనుంచి దించి పెట్టె పనితీరు పరీక్షించాడు. ఆ 76లో చనిపోయింది ఒక్కటే. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే మిగతావి కొత్తచోట అడ్డుకట్టలు కట్టుకుని స్థిరపడ్డాయి.

ఇలాంటి వార్తను మన పత్రికలు ఎలా వేస్తాయో తెలిసిందే. ఏజెన్సీ నుంచి వచ్చిన పది లైన్లను డెస్కులో నాలుగు లైన్లకు కుదించి, బొమ్మ పెట్టి, బాక్స్ ఐటం చేసి, నవ్వు తెప్పించే హెడ్డింగు తగిలిస్తారు. కంచరగాడిదలు, ఎండ, సరస్సు ఒడ్డు ఇళ్లు, తాళ్లు వదులైతే తెరుచుకునే పెట్టె, వీటిలో ఒక్కటీ ఆ నాలుగు లైన్లలో పట్టదు. పాఠకుడు నవ్వుకుని పేజీ తిప్పేస్తాడు. నా వాదన ఈ అలవాటు మీదే. వింత వార్త చిల్లర వార్త కాదు, సగంలో ఆగిపోయిన వార్త. లోకం ఇలా నడుస్తుందని మనం అనుకున్న చోట అది ఇంకోలా నడిస్తే మనకు నవ్వొస్తుంది. కాబట్టి మన అంచనా ఎక్కడ తప్పిందో నవ్వొచ్చిన చోటే వెతకాలి. ఆఫీసుల్లో కాగితం ఎలా కదులుతుందో, సముద్రంలో నీరు ఎటు ప్రవహిస్తుందో, డబ్బు ఆశ పెడితే మనుషులు ఏం చేస్తారో మామూలు రోజుల్లో మన కంటికి కనపడదు. ఏదో ఒకటి అడ్డం తిరిగినప్పుడే కనిపిస్తుంది. అలా అడ్డం తిరిగిన ఘడియే వింత వార్తగా అచ్చవుతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ సంగతి చూడండి. 1970ల మధ్యలో ఆయన అప్పు కోసం దరఖాస్తు పెట్టుకుని, గుర్తింపు కాగితాల కోసం రెవెన్యూ ఆఫీసుకు వెళ్తే, నువ్వు చనిపోయావు అన్నారు. రికార్డుల్లో అలాగే రాసి ఉంది. ఆయన వాటా భూమి బంధువుల పేరు మీదికి మారిపోయింది. ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడుతున్నా రికార్డు మారలేదు. తాను బతికే ఉన్నానని ప్రభుత్వం చేతనే రాయించుకోవడానికి ఆయన చేయని పని లేదు. పోలీసులు తనను అరెస్టు చేస్తే తన పేరు రికార్డులోకి ఎక్కుతుందని అందుకోసం ప్రయత్నించాడు. భార్య చేత వితంతు సాయానికి దరఖాస్తు పెట్టించాడు. పేరు చివర ‘మృతక్’ అని చేర్చుకున్నాడు. 1988లో అలహాబాద్‌లో వి.పి. సింగ్ మీద, 1989లో అమేఠీలో రాజీవ్ గాంధీ మీద ఎన్నికల్లో నిలబడ్డాడు. అభ్యర్థి అయ్యాడంటే మనిషి బతికి ఉన్నట్టే కదా అని ఆయన లెక్క. తనలాంటి వాళ్లందరినీ కూడగట్టి మృతక్ సంఘ్ అనే సంస్థ పెట్టాడు. 1994లో గానీ రికార్డు ఆయన్ను మళ్లీ బతికించలేదు. 2003లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పనులకు 1991 నుంచి ఇస్తున్న బహుమతి అది. తీసుకోవడానికి వెళ్దామంటే పాస్‌పోర్టు దొరికింది గానీ అమెరికాలోకి అనుమతి దొరకలేదు.

చనిపోయిన మనిషి ఎన్నికల్లో నిలబడ్డాడన్న హెడ్డింగుకు దేశమంతా నవ్వుకుంది. కానీ కథ ఇరుసు ఎక్కడుందో భూమి ఉన్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఆంధ్రలో అడంగల్ అన్నా, తెలంగాణలో పహాణీ అన్నా, అందులో ఎవరి పేరు ఉంటే భూమి వాళ్లదిగానే చలామణి అవుతుంది. చనిపోయినవారి పేరు తీసి వారసుల పేరు ఎక్కించడం రోజూ జరిగే మామూలు పని. ఆ పని చేసే కలం చేతిలో ఉన్నవాడు, చనిపోని మనిషి పేరు కూడా అంతే సులువుగా కొట్టేయగలడు. ఆ తర్వాత బతికున్నట్టు రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం ఆ మనిషి మీదే పడుతుంది. ఏటా నవంబరులో మన పింఛనుదార్లు బ్యాంకుకు వెళ్లి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చేదీ ఈ ఏర్పాటు ప్రకారమే. కాగితం ఇవ్వకపోతే మనిషి ఉన్నా పింఛను ఆగుతుంది. 2014లో వేలిముద్రతో ఆ పని జరిగేలా జీవన్ ప్రమాణ్ పద్ధతి తెచ్చారు. వేళ్లు అరిగిపోయి యంత్రం వేలిముద్రను గుర్తుపట్టని వృద్ధుల కష్టం కూడా ఆ కోవలోదే. లాల్ బిహారీ వార్తను నవ్వుకుని వదిలేసినవాడికి ఇవన్నీ వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. చివరిదాకా చదివినవాడికి ఒకే గొలుసు కనిపిస్తుంది. ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. ఆయన పోరాటం గంభీరమైన అర్జీల రూపంలోనే ఉండి ఉంటే ఆజంగఢ్ దాటి వచ్చేది కాదు. దాన్ని ప్రపంచం దాకా మోసింది ఆ వింతే. కాబట్టి నవ్వును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

మనుషుల ఆఫీసుల్లోనే కాదు, సముద్రంలోనూ ఇదే జరిగింది. 1992 జనవరి 10న హాంకాంగ్ నుంచి అమెరికాలోని టకోమా రేవుకు వెళ్తున్న సరుకుల ఓడ ఒకటి పసిఫిక్ మధ్యలో తుఫానుకు ఊగిపోయి, కొన్ని కంటైనర్లు నీళ్లలో పడ్డాయి. వాటిలో ఒకదాని నిండా పిల్లలు స్నానం చేసేటప్పుడు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మలు. పసుపు బాతులు, ఆకుపచ్చ కప్పలు, నీలం తాబేళ్లు, ఎర్ర బీవర్లు నాలుగూ కలిపి ఒక ప్యాకెట్, అలాంటివి 7,200 ప్యాకెట్లు, మొత్తం 28,800 బొమ్మలు. అట్ట ప్యాకింగు ఉప్పునీటికి నాని ఊడిపోయింది. బొమ్మలకు ఎక్కడా రంధ్రం లేదు కాబట్టి మునగలేదు. పది నెలలకు అలాస్కాలోని సిట్కా తీరానికి కొట్టుకొచ్చాయి. అప్పటికి అవి దాదాపు మూడు వేల కిలోమీటర్లు తేలుకుంటూ వచ్చాయి. బాతుల దండు సముద్రం దాటి వచ్చిందని పత్రికలు సంబరంగా రాశాయి.

కర్టిస్ ఎబ్స్‌మేయర్, జేమ్స్ ఇంగ్రహామ్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రజ్ఞులు మాత్రం ఆ వార్తను ఇంకో కంటితో చదివారు. సముద్ర ప్రవాహాలు తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు అప్పటిదాకా ఐదు వందలో, వెయ్యో సీసాలు నీళ్లలో వదిలి, ఎక్కడ తేలతాయో చూసేవారు. నూటికి రెండు దొరికితే గొప్ప. ఇక్కడ ఏ ఖర్చూ లేకుండా దాదాపు ముప్పై వేల వస్తువులు ఒకే రోజున, ఒకే చోట, ఓడ రికార్డులో నమోదైన చోట నీళ్లలో పడ్డాయి. వాళ్లు తీరం వెంట తిరిగి కొట్టుకొచ్చిన వస్తువులు ఏరుకునే మామూలు జనాన్ని కలుపుకున్నారు. ఏ బొమ్మ ఏ రోజున ఎక్కడ దొరికిందో రాసి పంపమన్నారు. ఆ వివరాలను కంప్యూటర్ లెక్కలో వేసి, తర్వాతి బొమ్మలు ఎక్కడికి చేరతాయో ముందే చెప్పారు. ఉత్తర పసిఫిక్‌లో ఒక పెద్ద సుడి ప్రవాహం ఉంది. అది ఒక చుట్టు తిరగడానికి సుమారు మూడేళ్లు పడుతుందని ఈ బొమ్మల రాకపోకల వల్ల తేలింది. కొన్ని బొమ్మలు ఏళ్ల తరబడి అందులోనే తిరుగుతూ, కొద్దికొద్దిగా ఒడ్డుకు చేరాయి. పారేసిన ప్లాస్టిక్ సముద్రంలో కరిగిపోదు, ఎక్కడికో పోదు, తిరుగుతూనే ఉంటుందన్న సంగతి లెక్కల పుస్తకం కన్నా ఈ పసుపు బాతు ఎక్కువ మందికి తెలియజెప్పింది. తీరాన ఒక బాతును ఏరుకున్నవాళ్లు, దొరికిన తేదీ రాసి పెట్టినందువల్ల ఆ పరిశోధనలో భాగమయ్యారు. నవ్వుకుని జేబులో వేసుకుని ఉంటే ఆ తేదీ పోయేది.

మన దగ్గరి వింతల్లో ఎలుకలకు పెద్ద పీట ఉంది. 2022లో ఉత్తరప్రదేశ్‌లోని మథుర పోలీసులు తాము పట్టుకుని దాచిన గంజాయిలో ఐదు వందల కిలోలకు పైగా ఎలుకలు తినేశాయని కోర్టుకు నివేదించారు. కోర్టు రుజువు చూపమంది. అంతకు ముందు 2017లో బిహార్‌లో స్టేషన్లలో దాచిన మద్యం మాయమైతే ఆ నేరమూ ఎలుకల మీదికే వెళ్లింది. మత్తెక్కిన ఎలుక బొమ్మలతో దేశమంతా నవ్వుకుంది. నవ్వు అక్కడితో ఆగిపోతే లాభపడేది ఒక్కరే, సరుకు మాయం చేసిన వ్యక్తి. అడగాల్సిన ప్రశ్న ఎలుక గురించి కాదు, గోదాము గురించి. పట్టుబడిన మత్తు పదార్థాన్ని మెజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీసి, జాబితా రాసి, కేసు తేలే దాకా ఆగకుండా ముందే నాశనం చేయడానికి మత్తు పదార్థాల చట్టంలోని 52ఏ సెక్షన్ వీలు కల్పిస్తోంది. ఆ పని చేస్తే సరుకు స్టేషన్‌లో ఏళ్ల తరబడి పడి ఉండదు, ఎలుకల ప్రస్తావనే రాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. విశాఖ ఏజెన్సీలోనూ సరిహద్దుల్లోనూ పట్టుకున్న సరుకు అది. ఆ మంటల ఫొటో ఒక పక్క, మథుర ఎలుకల వార్త ఇంకో పక్క పెట్టి, మన స్టేషన్లలో ఇప్పుడెంత సరుకు నిల్వ ఉంది, ఎన్నాళ్లుగా ఉంది అని అడిగే విలేకరి ఉంటే అది వింత వార్త స్థాయి దాటిపోతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది ఒకటుంది. వింత వార్తల్లో చాలావాటి అడుగున ఎవరిదో ఒకరి కష్టం ఉంటుంది, దాన్ని చూసి నవ్వడమే తప్పు కదా అని. 1919 జనవరి 15న బోస్టన్ నగరంలో మొలాసిస్ వరద వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీలున్న ఊళ్ల వాళ్లకు మొలాసిస్ తెలుసు, చెరకు రసం కాచి చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. యాభై అడుగుల ఎత్తున్న ఉక్కు ట్యాంకు పగిలి, దాదాపు ఎనభై ఏడు లక్షల లీటర్ల పాకం వీధుల్లోకి ఉరికింది. తీపి వరద అనగానే పెదవి మీదికి నవ్వొస్తుంది. కానీ అందులో 21 మంది చనిపోయారు, 150 మంది గాయపడ్డారు. పాకం నీళ్లలా పక్కకు తప్పుకోదు. అందులో పడ్డ మనిషి ఈదలేడు, గుర్రం కాలు పైకి లాగలేదు. చలికి పాకం ఇంకా గట్టిపడి, సాయానికి వెళ్లినవాళ్లు కూడా కదలలేకపోయారు. ఈ వివరాలు చదివాక నవ్వు దానంతటదే ఆగిపోతుంది. అభ్యంతరానికి నా జవాబు ఇందులోనే ఉంది. క్రూరత్వం మొదటి నవ్వులో లేదు, అక్కడే ఆగిపోవడంలో ఉంది. ఆగకుండా చదివినవాళ్లకు ఆ ట్యాంకు మొదటి నుంచీ కారుతూ ఉండేదనీ, కారడం కనపడకుండా కంపెనీ దానికి గోధుమ రంగు వేయించిందనీ తెలుస్తుంది. గోడల ఉక్కు రేకు ఉండాల్సినంత మందం లేదు. ఎవరో బాంబు పెట్టారని కంపెనీ వాదించింది. ఏళ్ల తరబడి సాగిన విచారణ తర్వాత 1925లో తప్పు కంపెనీదేనని తేలి, బాధితులకు పరిహారం దక్కింది. పెద్ద నిర్మాణాల నమూనాల మీద అర్హత ఉన్న ఇంజనీరు సంతకం ఉండాలన్న నిబంధనలు గట్టిపడటానికి ఆ ప్రమాదం ఒక కారణం. వందేళ్ల తర్వాత కూడా అది తీపి వరదగానే గుర్తుండిపోవడం ఆ 21 మందికి అన్యాయం. ఆ వింతను అచ్చు వేయొద్దనడం వల్ల ఆ అన్యాయం తీరదు, పూర్తిగా అచ్చు వేస్తే తీరుతుంది.

వింతల్లో సగం అబద్ధాలే, వాటి వెనక కారణం వెతకడం వృథా అనేవాళ్లూ ఉన్నారు. అబద్ధాలు ఉన్న మాట నిజం. 1835 ఆగస్టులో న్యూయార్క్‌లోని ‘ది సన్’ పత్రిక, జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు పెద్ద టెలిస్కోపుతో చంద్రుడి మీద రెక్కల మనుషుల్ని చూశాడని ఆరు భాగాలుగా రాసింది. హెర్షెల్ అప్పుడు దక్షిణాఫ్రికాలో ఉన్నాడు. జరిగిన సంగతి ఆయనకు తెలియదు. పసుపు బాతుల కథకూ ఇలాంటి తోక ఒకటి అతుక్కుంది. 2007లో ఇంగ్లండ్‌లోని డెవాన్ తీరంలో ఒక ప్లాస్టిక్ బాతు దొరికితే, పసిఫిక్ బాతులు అట్లాంటిక్ దాటి వచ్చేశాయని అక్కడి పత్రికలు రాశాయి. శాస్త్రజ్ఞుడు ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఇది ఆ జాతి బొమ్మే కాదన్నాడు. అక్కడి స్థానిక పత్రిక మర్నాడే ఆ సంగతి అచ్చు వేసింది. ఈ ఉదాహరణలు నా వాదనకు ఎదురు నిలవవు, దాన్నే బలపరుస్తాయి. తర్వాత ఏమైందని అడిగే అలవాటు ఉన్నచోట అబద్ధానికి ఒక రోజు కన్నా ఆయుష్షు ఉండదు. ఆ అలవాటు లేనిచోట అది తరాల తరబడి బతుకుతుంది. ఢిల్లీలో తెల్లదొరలు నాగుపాములు చంపి తెస్తే డబ్బులిస్తామన్నారనీ, జనం డబ్బు కోసం పాముల్ని పెంచారనీ ఒక కథ మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇప్పటికీ చెబుతున్నారు. దానికి గట్టి ఆధారమేదీ లేదు. అచ్చం అలాంటిదే ఒకటి నిజంగా జరిగింది, హనోయ్‌లో, 1902లో. ఫ్రెంచి ప్రభుత్వం నగరం కింద కట్టిన మురుగు కాలువల్లో ఎలుకలు విపరీతంగా పెరిగాయి, ప్లేగు భయం పట్టుకుంది. ఎలుకను చంపి తోక తెచ్చి చూపితే డబ్బులన్నారు. కొన్నాళ్లకు నగరంలో తోక లేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి. తోక కోసుకుని, పిల్లలు పెట్టడానికి ఎలుకను వదిలేస్తున్నారు. ఊరి శివార్లలో ఎలుకల పెంపకం కూడా బయటపడింది. మైఖేల్ వాన్ అనే చరిత్రకారుడు ఫ్రెంచి ప్రభుత్వ దస్త్రాలు తిరగేసి ఈ కథను వెలికి తీశాడు. లెక్క చూపితే డబ్బు అనే పథకం ఎక్కడున్నా, పని జరగకుండానే లెక్క పెరుగుతుందేమో చూసుకోవాలని హెచ్చరించడానికి కాగితం ఆధారమున్న ఈ ఎలుకలు చాలు. ఆధారం లేని పాములతో పని లేదు.

ఈ సందర్భంలో 1995 సెప్టెంబరు 21 గుర్తు చేయక తప్పదు. ఆ రోజు వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న కబురు పుట్టి, సాయంత్రంలోగా దేశమంతా పాకి, విదేశాల్లోని గుళ్లకు కూడా చేరింది. చెంచాతో పాలు పట్టుకుని జనం బారులు తీరారు. చెంచాలో పాలు తగ్గడం అందరూ కళ్లారా చూశారు. అది అబద్ధం కాదు. ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఢిల్లీలో ఒక గుడికి వెళ్లి, పాలలో రంగు కలిపి చెంచా పెట్టారు. నిండుగా ఉన్న చెంచా అంచు రాతికి ఆనగానే తలతన్యత వల్ల పాలు రాతి మీదికి లాక్కోబడి, పల్చటి పొరగా కిందికి జారిపోతాయి. తెల్లటి పాలు తడిసిన రాతి మీద కనపడవు, రంగు కలిపితే కనపడ్డాయి. భక్తిని కించపరచకుండా, చూసినవాడి కంటిని అబద్ధమనకుండా, చిటికెడు రంగుతో తేల్చిన విషయం ఇది. వింతను ఎదుర్కోవడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఉంటుందనుకోను. నమ్మినవాళ్లను వెక్కిరించిన వ్యాసాలు ఆ రోజుల్లో చాలా వచ్చాయి. వాటివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. తలతన్యత అనే మాట మాత్రం బడి పుస్తకం దాటి ఇళ్లలోకి వచ్చింది.

వివరిస్తే సరదా పోతుందన్న బాధ కూడా కొందరికి ఉంది. ఇది నిజమో కాదో చూడటానికి ఆండ్రీ గైమ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడి కప్ప చాలు. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెఖన్‌లో ఆయన బలమైన అయస్కాంతం మధ్యలో బతికున్న చిన్న కప్పను గాలిలో తేలేలా చేశాడు. కప్ప ఒంట్లో అధికభాగం నీరు. నీటికి అయస్కాంతం నుంచి చాలా స్వల్పంగా దూరం జరిగే గుణం ఉంది. అయస్కాంతం ఎంతో బలమైనదైతే, ఆ స్వల్ప గుణమే బరువును మోయడానికి సరిపోతుంది. ఈ సంగతి తెలిశాక ఆ ఫొటో మళ్లీ చూడండి, మొదటిసారి కన్నా ఎక్కువ ఆశ్చర్యం వేస్తుంది. ఎందుకంటే మన ఒంట్లోనూ ఉన్నది ఆ నీరే. ఆ పనికి 2000లో మైఖేల్ బెర్రీ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిపి గైమ్‌కు ఇగ్ నోబెల్ ఇచ్చారు.  పదేళ్లకు, 2010లో, పెన్సిల్‌లో వాడే గ్రాఫైట్ నుంచి జిగురు టేపుతో ఒక్క పరమాణువు మందమున్న పొరను విడదీసినందుకు సహ పరిశోధకుడు నొవొసెలొవ్‌తో పాటు ఆయనకే అసలు నోబెల్ వచ్చింది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో శ్రీకుమార్, నిర్మలన్ అనే ఇద్దరు ఏనుగు చర్మం వైశాల్యం ఎంతో లెక్కగట్టినందుకు 2002లో ఇగ్ నోబెల్ అందుకున్నారు. ఏనుగును కొలవడం అనగానే నవ్వొస్తుంది. కానీ వాళ్లు కనిపెట్టింది, ఏనుగు ఎత్తు, ముందు పాదం చుట్టుకొలత ఈ రెండూ తెలిస్తే ఒళ్లంతా కొలవకుండానే మొత్తం వైశాల్యం చెప్పే సూత్రం. అంత పెద్ద ఒంట్లోంచి వేడి ఎంత బయటికి పోతుందో తెలియాలంటే ముందు చర్మం ఎంతుందో తెలియాలి. మావటి కొలత టేపుతో చేయగలిగిన పని అది. వివరణ వల్ల ఇక్కడ తగ్గిన సరదా ఏదీ నాకు కనిపించలేదు.

చివరి అభ్యంతరం పత్రికల్లో పనిచేసేవాళ్లే చెబుతారు. చోటు తక్కువ, అసలు వార్తలకే సరిపోవడం లేదు, వింతలకు పేజీలు ఎక్కడ తెస్తాం అని. కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తేనే వార్త అని జర్నలిజం పాఠాల్లో పాతమాట ఒకటి నేర్పుతారు. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అలాంటి దేశంలో కుక్క మనిషిని కరవడం నూటికి నూరుపాళ్లు వార్తే. కరిచిన చోటును వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలనీ, టీకా ఒక్క డోసు కూడా మానకూడదనీ రాయడం అంతకన్నా పెద్ద వార్త. కాబట్టి వింతకు చోటివ్వమని నేను అడగడం మామూలు వార్తను పక్కకు నెట్టమని కాదు. ఇప్పటికే వింతలకు ఇస్తున్న చోటునే సరిగ్గా వాడమంటున్నాను. రోజుకు ఎనిమిది ముక్కలు వేసే బదులు వారానికి రెండు వేసి, వాటి వెనకున్న కారణం దాకా వెళ్తే ఖర్చయ్యే కాగితం అంతే. కంట్రిబ్యూటర్ పంపిన వింత మన మండలంలోదే అయితే, కారణం కనుక్కోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

అలా వెంటపడితే ఏం దొరుకుతుందో బ్రిటన్‌లో కనిపించింది. 2016లో అక్కడి పర్యావరణ పరిశోధన మండలి కొత్త ధ్రువ పరిశోధన నౌకకు పేరు పెట్టమని జనాన్ని అడిగింది. ‘బోటీ మెక్‌బోట్‌ఫేస్’ అనే అల్లరి పేరుకు 1,24,109 ఓట్లు పడి, అదే ముందు నిలిచింది. ప్రభుత్వం తలపట్టుకుని, నౌకకు ప్రకృతి చిత్రాల ప్రయోక్త డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, ఆ అల్లరి పేరును నౌకతో పాటు పనిచేసే మనుషుల్లేని చిన్న పసుపు జలాంతర్గామికి ఇచ్చింది. ప్రపంచ పత్రికల్లో చాలావరకు కథ అక్కడితో అయిపోయింది. 2017లో ఆ జలాంతర్గామి అంటార్కిటికా దగ్గరి ఆర్క్‌నీ పాసేజ్ లోతుల్లోకి వెళ్లి నీటి వేడినీ, అలజడినీ కొలిచి తెచ్చింది. దక్షిణ మహాసముద్రం మీద గాలులు బలపడటం వల్ల సముద్రం అడుగున నీరు చిలుకుడు పడి, పైనున్న వెచ్చటి నీరు అడుగుకు చేరి, ఆ లోతుల్ని కూడా వేడెక్కిస్తోందని ఆ కొలతల ఆధారంగా 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది, సముద్ర మట్టం పెరుగుతుంది. సముద్రపు కోతకు గురవుతున్న ఉప్పాడ తీరంలోని మత్స్యకారుడికి సంబంధించిన సంగతి అది. ఓట్ల వార్త చదివి నవ్వుకున్న లక్షల మందిలో ఈ రెండో వార్త చేరింది కొద్దిమందికే.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. మీరు చదివే పత్రికలో ఈ వారం మిమ్మల్ని బాగా నవ్వించిన వింత వార్త ఒకటి కత్తిరించి, తేదీ వేసి దాచిపెట్టండి. మూడు నెలలు చూడండి. దాని కారణం గానీ, తర్వాతి కథ గానీ అచ్చు కాకపోతే, ఆ ముక్క జతచేసి ఎడిటరుకు ఉత్తరం రాయండి. తర్వాత ఏమైందని అడగండి.